రాతిలో మిగిలిపోయే చమురు: కార్బన్ డయాక్సైడ్‌ను నిదానించే నానో కణాలు

ఒక చమురు బావి మూతపడిందంటే కింద చమురు అయిపోయిందనే చాలామంది అనుకుంటారు. ఎన్నో పాత క్షేత్రాల్లో సగానికి పైగా చమురు రాతిలోనే ఉండిపోగా బావులు మూతపడ్డాయి. మొదట్లో భూగర్భంలోని సహజ పీడనమే చమురును పైకి తోస్తుంది. ఆ ఊపు తగ్గాక పక్క బావుల్లోంచి నీళ్లు ఎక్కించి తోస్తారు. ఈ రెండు దశలూ ముగిసేనాటికి చేతికందేది సుమారు మూడో వంతు. మిగతాది రాబట్టే మూడో దశ పద్ధతుల్లో యాభై ఏళ్లకు పైగా నిలిచింది కార్బన్ డయాక్సైడ్. పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నది దీన్నే. గత పదిహేనేళ్లుగా పరిశోధకులు దీనికి నానో కణాలను, అంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతుల్లో కొలిచే రేణువులను, జతచేసి చూస్తున్నారు. అసలు జతచేయాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో అర్థమైతే, ఆ జోడీ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో కూడా తేలుతుంది.

రిజర్వాయర్ అనే మాట వినగానే మనకు నాగార్జునసాగరో శ్రీరామసాగరో కళ్ల ముందు మెదులుతుంది. చమురు పరిశ్రమ ఆ మాటతో పిలిచేది ఒక రాతి పొరను. ఇసుకరాయిలోనో సున్నపురాయిలోనో కంటికి ఆనని రంధ్రాలు, వాటిని కలిపే సన్నని గొంతులు ఉంటాయి. ఆ గొంతుల వెడల్పును మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. చమురు ఉండేది వాటిలోనే. నీళ్లు ఎక్కిస్తే ముందు వెడల్పాటి దారుల్లోని చమురు కదులుతుంది. ఇరుకు గొంతుల దగ్గరికి వచ్చేసరికి చమురు బొట్లుగా తెగి ఆగిపోతుంది. నీటికీ చమురుకూ మధ్య ఉన్న తలతన్యత ఆ బొట్టును బిగబట్టి ఉంచుతుంది కాబట్టి అది సాగి గొంతులోంచి దూరలేదు. జిడ్డు మూకుడును ఉత్త నీళ్లతో ఎన్నిసార్లు తొలిచినా జిడ్డు వదలనట్టే, ఎంత నీరు ఎక్కించినా ఆ బొట్లు కదలవు.

ఈ చిక్కుకు కార్బన్ డయాక్సైడ్‌ను పెద్ద ఎత్తున వాడిన మొదటి చోటు అమెరికాలోని పశ్చిమ టెక్సాస్. అక్కడి స్కర్రీ కౌంటీలో, స్నైడర్ అనే చిన్న పట్టణం దగ్గర 1948లో కెల్లీ-స్నైడర్ క్షేత్రం బయటపడింది. సుమారు రెండు కిలోమీటర్ల లోతున, ఒకనాటి సముద్రపు దిబ్బ సున్నపురాయిగా మారిన పొర అది. కొద్ది ఏళ్లలోనే పీడనం వేగంగా పడిపోవడంతో, క్షేత్రంలో ఎక్కువ భాగాన్ని కలిపి ఒకే యూనిట్‌గా నడపాలని యజమానులు ఒప్పందానికి వచ్చారు. దాని పేరే శాక్‌రాక్. 1954 నుంచి నీళ్లు ఎక్కించారు. 1972 జనవరిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించడం మొదలైంది. దక్షిణాన వాల్ వెర్డె ప్రాంతంలోని కర్మాగారాలు సహజవాయువును శుద్ధి చేస్తూ విడదీసిన వాయువునే, సుమారు 350 కిలోమీటర్ల గొట్టం వేసి తెచ్చుకున్నారు. అర్ధ శతాబ్దం దాటినా ఆ క్షేత్రంలో అదే పద్ధతి నడుస్తోంది.

కార్బన్ డయాక్సైడ్‌నే ఎంచుకోవడానికి కారణం దాని స్వభావం. 31 డిగ్రీల సెల్సియస్, 74 బార్ల పీడనం దాటితే అది వాయువుకూ ద్రవానికీ మధ్యస్థమైన స్థితికి చేరుతుంది. దీన్నే పుస్తకాల్లో సందిగ్ధ స్థితి దాటడం అంటారు. అప్పుడు దాని సాంద్రత ద్రవానికి దగ్గరగా ఉంటుంది, పారే తీరు మాత్రం వాయువులా ఉంటుంది. రెండు కిలోమీటర్ల లోతులో వేడి, పీడనం రెండూ ఆ హద్దు దాటే ఉంటాయి. ఈ స్థితిలో అది చమురులో కరుగుతుంది. కరిగిన కొద్దీ చమురు ఉబ్బుతుంది, పలచబడుతుంది. పీడనం తగినంత ఉంటే రెండింటి మధ్య హద్దే చెరిగిపోయి ఒకే ద్రవంగా కలిసిపోతాయి. హద్దు లేనిచోట తలతన్యత ఉండదు, కాబట్టి బొట్టును పట్టి ఉంచే బలమూ ఉండదు. నీటికి లొంగని చమురు దీనికి లొంగేది అందుకే. ఈ పద్ధతిలో అదనంగా వచ్చే చమురు, మొదట రాతిలో ఉన్న మొత్తంలో సాధారణంగా 5 నుంచి 15 శాతం.

కలిసినచోట దాదాపు అంతా కడిగేయగల వాయువు, క్షేత్రం మొత్తం మీద ఇంత తక్కువే ఎందుకు ఇస్తోంది? ఎక్కించిన వాయువు రాతిలో ఎక్కువ భాగాన్ని అసలు తాకదు. ఈ వ్యాసంలో మిగతా విషయమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

60 డిగ్రీల వేడి, 150 బార్ల పీడనం దగ్గర కార్బన్ డయాక్సైడ్ చిక్కదనం నీటి చిక్కదనంలో పదో వంతు దాకా ఉంటుంది. చమురుతో పోలిస్తే ఇంకా పలచన. పలచటిది చిక్కటిదాన్ని తోయబోతే అది గోడలా సమంగా ముందుకు సాగదు. ఎక్కడ కాస్త దారి దొరికితే అక్కడ చీల్చుకుని పోతుంది. ఇంజనీర్లు వీటిని వేళ్లు అంటారు. తెలుగులో ఆ మాట చేతి వేళ్లకూ చెట్టు వేళ్లకూ సరిపోతుంది, రాతి లోపలి దృశ్యం రెండింటినీ పోలి ఉంటుంది. దీనికి తోడు ఈ వాయువు చుట్టూ ఉన్న నీటికన్నా తేలిక, చాలాచోట్ల చమురుకన్నా తేలిక. పొర పైభాగానికి ఎగబాకి, కింది చమురును వదిలేసి, అవతలి బావిలో తేలుతుంది. డబ్బు పెట్టి కొని, కుదించి, ఎక్కించిన వాయువు వెంటనే తిరిగి వచ్చేస్తే దాన్ని విడదీసి మళ్లీ కుదించి ఎక్కించాలి. క్షేత్రం ఖర్చుల్లో పెద్ద భాగం ఈ చక్రానికే పోతుంది.

వరి చేనుకు నీళ్లు పెట్టే రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. గట్టులో ఎలుక బొరియ ఒకటి ఉంటే చాలు, నీళ్లన్నీ అటే పోతాయి, మడిలో మిట్టగా ఉన్న మూల ఎండుతూనే ఉంటుంది. మోటారు ఎంతసేపు ఆడించినా లాభం లేదు. బొరియలో మట్టి బెడ్డ కూరితేనే నీరు మిట్టకు ఎక్కుతుంది. చమురు క్షేత్రానికి కావలసింది సరిగ్గా అలాంటి బెడ్డే. కాకపోతే ఆ బొరియ రెండు కిలోమీటర్ల కింద ఉంటుంది, చేయి పెట్టే వీలు లేదు. బెడ్డ తనంతట తానే వెళ్లి అక్కడ కూరుకోవాలి.

ఇందుకు పరిశ్రమ ముందుగా పట్టుకున్న ఉపాయం వంతుల పద్ధతి. కొన్నాళ్లు నీరు, కొన్నాళ్లు వాయువు, మళ్లీ నీరు. 1957లో కెనడాలోని అల్బర్టాలో, నార్త్ పెంబినా క్షేత్రంలో ఇది మొదలైంది. నీరు వాయువు వేగానికి కొంత కళ్లెం వేస్తుంది. ఇప్పటికీ ఎక్కువ చోట్ల నడిచేది ఇదే. అయితే ఎక్కించిన నీరే కొంత చమురు చుట్టూ చేరి, వాయువు దాన్ని తాకకుండా అడ్డుపడుతుంది.

రెండో ఉపాయం నురగ. కుంకుడుకాయ పులుసు చిలికితే వచ్చే నురగలో ఉన్నది చాలావరకు గాలే, అయినా అది గాలిలా పారదు. బుడగల మధ్య ఉన్న పలచటి నీటి పొరలు దాన్ని నిలబెడతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను కూడా అలా సబ్బు లాంటి సర్ఫాక్టెంట్‌తో నురగగా మారిస్తే దాని చిక్కదనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా వెడల్పాటి దారుల్లో నురగ గట్టిగా, ఇరుకు దారుల్లో పలచగా ఉంటుంది. బొరియలో బెడ్డ కూరినట్టే, తరవాత వచ్చే వాయువు మిట్ట మూలలకు మళ్లుతుంది. సిద్ధాంతం చక్కగా ఉంది. ఆచరణలో సర్ఫాక్టెంట్ అణువులు రాతికి అంటుకుని కరువైపోతాయి, వేడికి విచ్ఛిన్నమవుతాయి, చమురు తగలగానే నురగ చప్పబడుతుంది. సర్ఫాక్టెంట్ అణువు బుడగ గోడ మీద స్థిరంగా కూర్చోదు. వస్తూ పోతూ ఉంటుంది. అసలు బలహీనత అదే.

నానో కణాలు రంగంలోకి వచ్చింది ఇక్కడే. నిజానికి ఆలోచన కొత్తది కాదు. సన్నని ఘన రేణువులు నూనె-నీళ్ల మిశ్రమాన్ని విడిపోకుండా నిలబెట్టగలవని రామ్స్‌డెన్ 1903లో, పికరింగ్ 1907లో రాశారు. అలాంటి మిశ్రమాలకు ఇప్పటికీ పికరింగ్ పేరే ఉంది. వందేళ్ల తరవాత ఆ పాత గమనికకు భూగర్భంలో పని దొరికింది. 2010లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పాలిమర్ పూత వేసిన సిలికా (ఇసుకలోని ప్రధాన పదార్థం) నానో కణాలతో సందిగ్ధ స్థితి దాటిన కార్బన్ డయాక్సైడ్‌ను నురగగా నిలిపి చూపించారు.

రేణువు సబ్బుకన్నా ఎందుకు గట్టిగా నిలుస్తుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 10 నానోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రని కణం బుడగ గోడ మీద కూర్చుంటే, అక్కడ అంతమేర నీటికీ వాయువుకూ మధ్య హద్దు తగ్గుతుంది. కణాన్ని అక్కడి నుంచి పీకాలంటే ఆ హద్దును మళ్లీ సృష్టించే శక్తి పెట్టాలి. కణం సగం నీటిలో, సగం వాయువులో మునిగి ఉందనుకుంటే, ఆ శక్తి అణువుల సహజ ఉష్ణ కదలికకు ఉండే శక్తికి సుమారు 500 రెట్లు. సర్ఫాక్టెంట్ అణువుకు అది కొద్ది రెట్ల నుంచి పదుల రెట్ల లోపే. అంటే సబ్బు అణువు ఉష్ణ కదలికకే ఊడిపోగలదు, కణం ఒకసారి కూర్చుంటే దాదాపు లేవదు. ఇదే లెక్కలో ఒక హెచ్చరిక కూడా దాగి ఉంది. కణం నీటిని మరీ ఎక్కువ ఇష్టపడి, స్పర్శకోణం (కణాన్ని తాకేచోట నీటి హద్దు దానితో చేసే కోణం) 90 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు తగ్గితే, ఆ 500 రెట్లు కాస్తా పది రెట్ల లోపుకు పడిపోతుంది. ఉత్త సిలికా నీటిని బాగా ఇష్టపడుతుంది. అందుకే ఈ రంగంలో విలువంతా కణం పైపూతది. కేవలం పరిమాణం చూపి నానో అంటే నానో అని అమ్మే ఉత్పత్తులను ఈ ఒక్క కారణంతోనే అనుమానించాలి.

ఇంకో గుణం ఉంది. కణాలతో నురగ పుట్టాలంటే ప్రవాహంలో ఒక స్థాయి ఒరిపిడి ఉండాలని ఆస్టిన్ ప్రయోగాల్లో తేలింది. నెమ్మదిగా పారేచోట నురగ పుట్టదు, జోరుగా పారేచోట పుడుతుంది. జోరు ఉండేది గండి పడిన దారిలోనే కదా! బెడ్డ తనంతట తానే వెళ్లి బొరియలో కూరుకోవాలన్న కోరికకు ఇంతకన్నా దగ్గరగా వచ్చిన పదార్థం మరొకటి కనిపించదు. నానో కణాల గురించి చెప్పే గొప్పలన్నిటిలో నిజంగా ఉత్సాహపడదగినది ఇదే.

మిగతా ప్రయోజనాలు దీని తరవాతివి. నానో కణాలున్న నీరు రాతికీ చమురు బొట్టుకూ మధ్య చీలలా దూరి చమురును రాతి నుంచి లేపుతుందని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన వాసన్, నికొలోవ్ 2003లో వివరించారు. కార్బన్ డయాక్సైడ్ కలిసినప్పుడు చమురులోంచి విడిపోయి గొంతులు పూడ్చే తారు లాంటి అస్ఫాల్టీన్లను కొన్ని లోహ ఆక్సైడ్ కణాలు తమకు అంటించుకోగలవని ప్రయోగశాలల్లో చూశారు.

ఉప్పు దగ్గర కథ మలుపు తిరుగుతుంది. నీటిలో నానో కణాలు విడివిడిగా ఉండేది ఒకే రకమైన విద్యుదావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి. భూగర్భ జలం సముద్రపు నీటికన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉండవచ్చు. ఉప్పు ఆ వికర్షణను కప్పేస్తుంది. కాల్షియం ఉంటే మరీ కష్టం. పైగా కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లమవుతుంది, ఆమ్లంలో సిలికా తన ఆవేశాన్ని దాదాపు కోల్పోతుంది. పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది, ద్రవం విరుగుతుంది. గొంతుకన్నా వంద రెట్లు చిన్నవైన కణాలు గుంపుకట్టి, బావి అంచునే రాతిని మూసేయగలవు. శాక్‌రాక్ లాంటి సున్నపురాయిలో ఇబ్బంది రెట్టింపు. ఆమ్లానికి రాయి కరిగి నీటిలో కాల్షియం పెరుగుతుంది. ఆ రాతి ఉపరితలం తరచూ ధనావేశంతో ఉండి రుణావేశపు సిలికాను తనకే అంటించుకుంటుంది. ఆవేశం మీద ఆధారపడకుండా పాలిమర్ పొరతో కణాలను ఎడంగా ఉంచే పూతలు అందుకే వచ్చాయి.

తరవాతిది ఎన్ని కణాలు కావాలన్న ప్రశ్న. నీటిలో బరువు ప్రకారం అర శాతం కణాలు కలపాలనుకుందాం. లక్ష ఘనమీటర్ల నీటికి 500 టన్నుల కణాలు కావాలి. పెద్ద క్షేత్రానికి లక్ష ఘనమీటర్లు కొద్ది రోజుల పని. గ్రాఫీన్ (అతి పలచటి కార్బన్ పొర) వంటి ఖరీదైన వాటికి ఈ పనిలో చోటు లేదని చెప్పడానికి ఈ లెక్క చాలు. పెయింట్లు, కాగితం, కాంక్రీటు కోసం ఇప్పటికే టన్నుల కొద్దీ తయారవుతున్న సిలికాకే ఆ స్తోమత ఉంది. దానిలోనూ పూత ఖర్చే అసలు ఖర్చు.

ప్రయోగశాల ఫలితాలను చదివేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. ఎక్కువ ప్రయోగాలు చేతిలో పట్టేంత రాతి ముక్క మీద జరుగుతాయి. అందులో పదో పదిహేనో శాతం ఎక్కువ చమురు వచ్చిందన్న అంకె ఎంత నిజమైనా, క్షేత్రంలో అంతే వస్తుందని చెప్పదు. చేతిలోని రాతి ముక్కలో గండి ఉండదు, ఎగబాకడానికి పైకప్పు ఉండదు, కణాలు అలిసిపోయేంత దూరం ఉండదు. నానో నురగ నిజంగా పనికొచ్చేదీ, నిజంగా విఫలమయ్యేదీ వందల మీటర్ల మేర మాత్రమే బయటపడుతుంది. నానో కణాలు రాతిలోకి వెళ్లి తిరిగి రాగలవని మాత్రం సౌదీ చమురు సంస్థ అరామ్కో అరబ్-డి అనే సున్నపురాయి పొరలో చేసిన క్షేత్ర పరీక్ష చూపించింది. 2011లో వెల్లడైన ఆ ఫలితాల్లో, ఎక్కించిన కార్బన్ కణాల్లో అధిక భాగాన్ని అదే బావి నుంచి తిరిగి రాబట్టారు. అక్కడ ఎక్కించింది నురగ కోసం కాదు, కణాల ప్రయాణాన్ని పరీక్షించడం కోసం. అయినా వేడికీ ఉప్పుకూ కణాలు గుంపుకట్టకుండా నిలవడం చిన్న విషయం కాదు.

ఇక వాతావరణం లెక్క. ఒక బ్యారెల్ ముడి చమురు చివరకు కాలితే సుమారు 430 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ బ్యారెల్‌ను తీయడానికి అమెరికా క్షేత్రాల్లో ఎక్కించేది 300 నుంచి 600 కిలోలు. చూడటానికి చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. ఎక్కించిన వాయువు ఎక్కడిదన్న ప్రశ్న వేస్తే లెక్క మారిపోతుంది. అమెరికాలో ఈ పనికి వాడే వాయువులో అధిక భాగం కొలరాడోలోని మెకెల్మో డోమ్, న్యూ మెక్సికోలోని బ్రావో డోమ్ వంటి భూగర్భ నిల్వల నుంచి తవ్వి తీసినదే. లక్షల ఏళ్లుగా భూమిలోనే భద్రంగా ఉన్న వాయువును తీసి మరోచోట పూడ్చడం వల్ల గాలికి ఒరిగేదేమీ లేదు. చిమ్నీ నుంచి పట్టి తెచ్చినదైతేనే లెక్కకు అర్థముంటుంది. కెనడాలోని వేబర్న్ క్షేత్రం 2000 నుంచి నార్త్ డకోటాలోని బొగ్గు గ్యాస్ కర్మాగారం వదిలే వాయువును 320 కిలోమీటర్ల గొట్టం ద్వారా తెచ్చుకుంటోంది. హ్యూస్టన్ దగ్గరి పెట్రా నోవా 2017లో బొగ్గు విద్యుత్ కేంద్రం పొగ నుంచి వాయువును పట్టి వెస్ట్ రాంచ్ క్షేత్రానికి పంపడం మొదలుపెట్టింది. 2020లో చమురు ధర కూలగానే ఆగిపోయి, 2023లో మళ్లీ మొదలైంది. చమురు ధర మీద బతికే కార్బన్ నిల్వ ఎంత బలహీనమో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నానో నురగ ఈ లెక్కను ఎటు నడుపుతుంది? అది రెండు వైపులా నడపగలదు. వాయువును డబ్బిచ్చి కొంటున్న కంపెనీ, తక్కువ వాయువుతో ఎక్కువ చమురు తీయడానికి నురగను వాడుతుంది. అప్పుడు బ్యారెల్‌కు భూమిలో మిగిలే కార్బన్ తగ్గుతుంది. వాయువును పూడ్చినందుకే డబ్బు వస్తుంటే, అదే నురగతో ఇదివరకు తాకని రంధ్రాలను కూడా వాయువుతో నింపుతుంది. అప్పుడు మిగిలే కార్బన్ పెరుగుతుంది. అమెరికా 2022 చట్టం ప్రకారం శాశ్వత నిల్వకు టన్నుకు 85 డాలర్లు, చమురు తీయడానికి వాడితే 60 డాలర్ల పన్ను రాయితీ ఉండేది. 2025 జూలైలో వచ్చిన చట్టం రెండింటినీ 85 డాలర్లకు సమానం చేసింది. చమురు తీయకుండా ఉత్తగా పూడ్చడానికి ఉన్న మొగ్గును అలా తీసేయడం పొరపాటు.

భద్రత మాట చెప్పకుండా ఈ విషయం ముగించకూడదు. 2020 ఫిబ్రవరిలో మిసిసిపి రాష్ట్రంలోని సటార్షియా ఊరి దగ్గర కార్బన్ డయాక్సైడ్ గొట్టం పగిలింది. గాలికన్నా బరువైన వాయువు పల్లపు ఊరిని కమ్మేసింది. 45 మంది ఆసుపత్రి పాలయ్యారు, కార్లు ఇంజన్లు ఆగి దారిలోనే నిలిచిపోయాయి. ఈ వాయువు మండదు, కానీ ఊపిరి ఆడనివ్వదు. తడి ఉంటే ఉక్కును తినేస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊరిలో సహజవాయువు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు, నీటిని తొలగించని గ్యాస్ వల్ల గొట్టం లోపల పట్టిన తుప్పే చర్చకు వచ్చింది. మన దేశంలో కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు వేయబోయేవాళ్లు వాయువును పూర్తిగా ఆరబెట్టే ఏర్పాటు మీద రాజీ పడకూడదనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే భారతదేశానికి పాత క్షేత్రాల్లో మిగిలిన చమురు చిన్న విషయం కాదు. 2019 జూలైలో ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్ సంస్థలు గుజరాత్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. వడోదర దగ్గరి కోయలి రిఫైనరీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, భరూచ్ జిల్లాలోని గంధార్ క్షేత్రంలో ఎక్కించాలన్నది దాని ఉద్దేశం. అక్కడైనా ఇంకెక్కడైనా మొదటి రోజు నుంచే వాయువు గండ్ల గురించి ఆలోచించడం మేలు. వాయువు అవతలి బావిలో తేలాక నురగ కోసం వెతకడం టెక్సాస్ చేసిన ఆలస్యం.

దీనికి మన దగ్గర ముడిసరుకు గుట్టలుగా పడి ఉందన్నది ఆసక్తికరమైన సంగతి. బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాలు దేశంలో ఏటా 20 కోట్ల టన్నులకు పైగా బూడిద వదులుతున్నాయి. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి కేంద్రాల చుట్టుపక్కల ఊళ్లకు ఆ బూడిద చెరువులు బాగా తెలుసు. బూడిదలో ప్రధానంగా ఉన్నవి సిలికా, అల్యూమినా. దాన్ని నానో పరిమాణానికి నూరి, కొద్దిపాటి సర్ఫాక్టెంట్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్ నురగను నిలిపిన ప్రయోగాలు విదేశాల్లో జరిగాయి. నురగకు కావలసిన వాయువు, దాన్ని నిలిపే రేణువు రెండూ ఒకే చిమ్నీ కింద దొరుకుతాయన్నమాట. అడ్డంకులు లేకపోలేదు. బూడిద రేణువులు ఎక్కువగా మైక్రాన్లలో ఉంటాయి, నూరడానికి కరెంటు ఖర్చవుతుంది. వాటిలోంచి ఊరే కాల్షియం కణాలను గుంపు కట్టిస్తుంది. ఆర్సెనిక్ వంటి విషాలు భూగర్భ జలంలోకి దిగకుండా చూడాలి. రామగుండం బూడిదతో చేసిన ద్రవం గంధార్ ఉప్పునీటిలో, అక్కడి వేడిలో, ఆమ్లంలో విరగకుండా ఎన్ని వారాలు నిలుస్తుందన్నది ఒక గాజు సీసాతో, ఒక ఓవెన్‌తో మొదలుపెట్టి చూడగల పరీక్ష.